మే నెలలో మంచు గుర్తు

డ్యాష్‌బోర్డు మీద బయటి వేడి ఎంతో చూపించే అంకె ఒకటి ఉంటుంది. అది తప్పు చూపిస్తోందంటూ నా షెడ్డుకు వచ్చే బండ్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. నిజంగా జబ్బున్న బండి ఆసామి మాత్రం ఆ అంకె ఊసే ఎత్తడు. "ఏసీ రావట్లేదు, గ్యాస్ ఎక్కించు" అంటాడు.

నాది చందర్లపాడు. నందిగామ వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందో వేపచెట్టు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో వైరింగ్ పని నేర్చుకుని ఊరికి తిరిగొచ్చిన కొత్తల్లో నాకు తగిలిన బేరాలన్నీ ట్రాక్టర్ల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు, పత్తి లారీల లైట్లు. కార్లంటే అంబాసిడర్, మారుతి 800. వాటిలో బయటి వేడిని కొలిచే ఏర్పాటే లేదు. అద్దం దించితే ఎండ ఎంతో మొహానికే తెలిసేది. ఇప్పుడలా కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు కొత్త బండి కొనుక్కుని, పాతదాన్ని ఊళ్లో ఉన్న నాన్నకు పంపిస్తున్నాడు. పన్నెండేళ్లో పదిహేనేళ్లో తిరిగిన పెద్ద పెద్ద సెడాన్లు, ఆటోమేటిక్ ఏసీ ఉన్నవి, మిరప చేల గట్ల దాకా వచ్చేస్తున్నాయి. వాటిని షోరూముకు తోలుకెళ్లాలంటే విజయవాడ పోవాలి. అక్కడ చెప్పే ఎస్టిమేటు ఒక్కోసారి బండి విలువలో సగం ఉంటుంది. అందుకని నా దగ్గరికొస్తారు.

ముందు జబ్బు లేని బండ్ల సంగతి చెబుతాను.

మేలో మా వైపు ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. కృష్ణ అవతలి రెంటచింతల పేరు ఏటా పేపర్లో పడుతుంది, ఇవతల నందిగామ కూడా దానికేం తీసిపోదు. అలాంటి రోజుల్లో ఒక మిర్చి రైతు వచ్చాడు. "అబ్బాయ్, నందిగామలో నలభై నాలుగని పేపర్లో వేశాడు. నా బండేమో నలభై తొమ్మిదంటోంది. దీనికేమన్నా పిచ్చెక్కిందా?" అన్నాడు.

పిచ్చేమీ లేదు. వాతావరణ శాఖ వాళ్లు థర్మామీటర్‌ని ఎండలో పెట్టరు. తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి ఆడేలా చుట్టూ సందులుంచి, మనిషి ఛాతీ ఎత్తున పెడతారు. బండిలో సెన్సర్ ఉండేది ముందు బంపర్ వెనక, తారుకు అడుగు పైన. దాని వీపున ఏసీ కండెన్సర్, ఆ వెనక రేడియేటర్. మే నెల మధ్యాహ్నం తారు మీద చెయ్యి పెట్టి చూసినవాడికి ఆ అయిదు డిగ్రీలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. బండి నిలబడి ఉంటే ఇంజను వేడి ముందుకు తంతుంది, అంకె ఇంకా ఎక్కుతుంది. సెన్సర్ చెప్పేది ఎప్పుడూ తన ఒంటి వేడే. అదే గాలి వేడి అని మనం అనుకుంటాం. ఆ రెండూ ఒకటి కావాలంటే దాని మీదికి గాలి ధారాళంగా రావాలి, అంటే బండి పరుగెత్తాలి. ఆ రైతుని పక్కన కూర్చోబెట్టుకుని నందిగామ దాటి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, చిల్లకల్లు వైపు నిలకడగా తోలాను. అంకె ఒక్కొక్కటే దిగి నలభై అయిదు దగ్గర ఆగింది. "మరి ఇందాక?" అన్నాడు. "ఇందాక మీ బండి తారు వేడి చెప్పింది బాబాయ్" అన్నాను. పైసా తీసుకోలేదు కానీ, ఆ తర్వాత ఆయన ట్రాక్టర్ వైరింగ్ మొత్తం నాకే వచ్చింది.

బండి తయారుచేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే చాలా కార్లలో సెన్సర్ చెప్పిందాన్ని చెప్పినట్టు డ్యాష్‌బోర్డు మీద వెయ్యరు. వేడి తగ్గితే వెంటనే చూపిస్తారు, పెరిగితే మాత్రం బండి కొంత వేగం అందుకున్నాకే, అదీ నెమ్మదిగా చూపిస్తారు. ఇంజను వేడిగా ఉండగానే ఆపి మళ్లీ స్టార్టు చేస్తే, సెన్సర్‌ని అడక్కుండా ఆపినప్పటి పాత అంకెనే నిలబెడతారు. ఇది తెలియని మెకానిక్కు కొత్త సెన్సర్ బిగించి, డ్యాష్‌బోర్డు వంక చూసి, అంకె మారలేదు కాబట్టి కొత్తదీ చెడిపోయిందేనని షాపు మీదికి పోట్లాటకు వెళతాడు. ఇలా వాపసు వచ్చిన మంచి సెన్సర్లు ఆటోనగర్ షాపుల్లో నేను చూశాను. డ్యాష్‌బోర్డు అంకెను బట్టి తీర్పు చెప్పకూడదు. స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్‌కి అందుతున్న అసలు విలువ చూడాలి.

ఇక జబ్బున్న బండ్లు. రిటైరైన మాస్టారొకాయన బండి గురించి చెబితే మిగతావన్నీ అందులోనే వస్తాయి.

ఆయనా మేలోనే వచ్చారు. వెనక సీట్లో ఆయన భార్య చెంగుతో విసురుకుంటూ కూర్చుని ఉన్నారు. ఏసీ వేస్తే ఉత్త గాలి, అదీ వేడి గాలి. అప్పటికే వేరే చోట గ్యాస్ ఎక్కించారు, లాభం లేకపోయింది. వయసు మళ్లినవాళ్లకు ఈ ప్రాంతంలో ఏసీ ఉన్న బండి విలాసమని నేను అనుకోను. 2015 మే వడగాడ్పులకు ఈ రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. అందులో ఎండనపడి పనిచేసేవాళ్లూ ముసలివాళ్లే ఎక్కువ.

నేను గేజి తగిలిస్తుండగా మాస్టారు అన్నారు: "బాబూ, ఇంకో సంగతి. తాళం తిప్పినప్పుడల్లా టింగుమని మోగి, అదుగో, ఆ పువ్వు గుర్తు వెలుగుతోంది. దానివల్ల ఏమన్నా నష్టమా?"

లోపలికి తొంగి చూశాను. అది పువ్వు కాదు, మంచు తునక. రోడ్డు మీద మంచు కట్టి ఉండొచ్చు, టైర్లు జారతాయి, జాగ్రత్త అని చెప్పే గుర్తు. చలి దేశాల్లో పుట్టిన కార్లలో బయట మూడు నాలుగు డిగ్రీలకు దిగితే అది వెలుగుతుంది. పక్కన అంకె మైనస్ 5.

"మాస్టారూ, చందర్లపాట్లో మంచు పడుతోందని చెబుతోందండీ మీ బండి."

"ఈ మేలోనా!" అని ఆయన నవ్వారు. వెనకనుంచి అమ్మగారు, "పడితే బావుణ్ను" అన్నారు.

గ్యాస్ ఎక్కించినవాళ్లు ఆ గుర్తు చూడలేదో, చూసినా ఏసీకీ దానికీ సంబంధం లేదనుకున్నారో! కంప్రెసర్ తిరగనప్పుడు గేజి రెండు వైపులా ఒకటే ప్రెషర్ చూపిస్తుంది. నలభై డిగ్రీల వేడిలో ఆర్134ఏ గ్యాస్‌కి అది 130 పీఎస్ఐ దాపుల్లో ఉండాలి, ఉంది. అంటే గ్యాస్ అసలు లేకుండా పోలేదు (ఎంత ఉందన్నది ఆ లెక్కన తేలదు, అది వేరే సంగతి). కంప్రెసర్ క్లచ్‌కి మాత్రం కరెంటు రావట్లేదు. ఫ్యూజు బాగుంది, రిలే బాగుంది, పంపాల్సిన కంప్యూటరే పంపట్లేదు. ఎందుకు పంపుతుంది? బయట మైనస్ 5 ఉందని అది నమ్ముతోంది. అంత చలిలో కంప్రెసర్ తిప్పితే లోపల ఆయిల్ సరిగా తిరగదు, ఇవాపరేటర్ మీద మంచు గడ్డకడుతుంది. అందుకని బయటి వేడి ఇన్ని డిగ్రీల కన్నా దిగితే కంప్రెసర్‌ని వెయ్యొద్దని చాలా బండ్లలో ముందే రాసిపెట్టి ఉంటుంది. బండి తనకు అందిన కబురును బట్టి బుద్ధిగానే నడుచుకుంది. కబురే తప్పు.

ఆ కబురు ఎలా వెళుతుందో కొంచెం చెప్పాలి. సెన్సర్ అంటే వేలి కొసంత నల్ల ప్లాస్టిక్ ముక్క, రెండు వైర్లు. లోపల థర్మిస్టర్ అనే పూస ఉంటుంది. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఈ పూసకు తగ్గుతుంది. వేడికి రెసిస్టెన్స్ తగ్గే గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో కనిపెట్టాడు. అది బంపర్ కిందికి చేరడానికి ఇంకో నూరేళ్లకు పైనే పట్టింది. బండ్లలో ఎక్కువగా కనిపించే ఒక రకం తీసుకుంటే, 25 డిగ్రీల దగ్గర పది వేల ఓములు ఉంటుంది. ఐసు నీళ్లలో ముంచితే ముప్పై వేలకు అటూ ఇటూ, మా మే నెల ఎండకు నాలుగున్నర వేల దగ్గర. కొన్ని కంపెనీలవి 25 డిగ్రీల దగ్గర రెండు వేల చిల్లరే ఉంటాయి, కాబట్టి ఆ మోడల్ పట్టిక చూడకుండా మీటరు పెట్టకూడదు. కంప్యూటర్ తన లోపలి రెసిస్టర్ గుండా అయిదు వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూసి దాన్ని డిగ్రీలుగా మారుస్తుంది.

ఇందులో వైరు తెగితే రెసిస్టెన్స్ అంతులేనిదవుతుంది, కంప్యూటర్ దాన్ని అంతులేని చలిగా చదువుతుంది. స్కానర్‌లో మైనస్ 40 పడుతుంది. ఆ నలభై ఎందుకంటే, ఈ కబురు కోసం పెట్టుకున్న లెక్కలో సున్నా అంటే మైనస్ 40 అని నిర్ణయించారు, అంతకన్నా కిందికి చెప్పడానికి చోటు లేదు. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే దీనికి ఎదురు, నిప్పుల కొలిమి అంత వేడి చూపిస్తుంది. అందుకే నా మొదటి పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు. సెన్సర్‌ని వైర్లకు కలిపే కప్లర్ ఊడదీసి స్కానర్ చూస్తాను, మైనస్ 40కి పడాలి. కప్లర్‌లో రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలుపుతాను, పైకి ఎగరాలి. రెండూ జరిగితే అక్కణ్నుంచి కంప్యూటర్ దాకా ఉన్న దారి తెగలేదు, కంప్యూటరూ బతికే ఉంది. ఊడదీసినా కలిపినా కదలకపోతే దారిలోనే ఎక్కడో ఉంది తంటా. ఇక్కడ కుర్రాళ్లు ఒక తప్పు చేస్తుంటారు. పీ0073 కోడ్ వస్తే పక్కన "హై" అని ఉంటుంది, దాన్ని చూసి వేడి ఎక్కువ చూపిస్తోందని అనుకుంటారు. అక్కడ ఎక్కువైంది వోల్టేజీ, అంటే వైరు తెగింది, అంటే చలి. పీ0072 దానికి తిరగేసి.

మాస్టారి బండిలో పూర్తిగా తెగలేదు. తెగి ఉంటే మైనస్ 40 పడేది. కంప్యూటర్ దగ్గర సాకెట్ ఊడదీసి, అక్కణ్నుంచి సెన్సర్ దాకా కలిపి కొలిస్తే నలభై వేల ఓములు దాటింది. బంపర్ కింద పడుకుని సెన్సర్‌ని విడిగా కొలిస్తే నాలుగు వేల ఏడొందలు. షెడ్డులో వేడికి అంతే ఉండాలి. సెన్సర్ మంచిదే. మిగతా రెసిస్టెన్స్ అంతా కప్లర్‌లో ఉంది. పిన్నుల మీద పచ్చటి చిలుం. రబ్బరు సీలు ఎప్పుడో పోయింది. ఒక వైరు పైకి బాగానే ఉంది కానీ వంచితే లోపల పొడి పొడిగా విరిగింది.

ఇక్కడ ఆగి ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు ఏ మేస్త్రీ చెప్పలేదు, మీటరుతో కూర్చుంటే తెలిసింది. చిలుం వల్ల కప్లర్‌లో రెండు వేల ఓములు అదనంగా చేరాయనుకోండి. చలికాలం ఉదయం ఇరవై డిగ్రీలప్పుడు సెన్సర్‌కి సొంతంగానే పన్నెండు వేల పైన ఉంటుంది, దానిమీద రెండు వేలు పెద్ద లెక్క కాదు. మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అదే కప్లర్, అదే చిలుం, మే నెలలో నలభై అయిదు డిగ్రీలప్పుడు సెన్సర్ సొంత లెక్క నాలుగున్నర వేలకు దిగిపోతుంది. దానిమీద రెండు వేలంటే దాదాపు సగం. అంకె పది డిగ్రీలు కిందికి పడుతుంది. కాబట్టి "చలికాలంలో బాగానే ఉండేది, ఎండలు ముదిరాక తక్కువ చూపిస్తోంది" అని ఎవరన్నా అంటే సెన్సర్ కొనకముందు కప్లర్ విప్పుతాను.

వానాకాలంలో దీనికి సరిగ్గా ఎదురు. తడి చేరితే ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు కరెంటు అడ్డదారిన పారుతుంది, రెసిస్టెన్స్ తగ్గుతుంది, అంకె ఎక్కుతుంది. ఆ అడ్డదారి ఇరవై వేల ఓములుంటే చాలు, పాతిక డిగ్రీల ముసురులో బండి ముప్పై నాలుగు చూపిస్తుంది. బండి ఆరాక మళ్లీ మామూలే. నా దగ్గరికొచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది, ఏమీ దొరకదు. 2023 జూలైలోనూ 2024 సెప్టెంబరులోనూ మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చింది. అటువంటి నీళ్లలో బంపర్ దాకా మునిగి బయటపడిన బండ్లకు ఈ కప్లర్ రోగం ఆ వారమే రాదు. బురదనీళ్లు లోపల ఆరి, నెలల తర్వాత చిలుమై, వచ్చే ఎండాకాలానికి బయటపడుతుంది. అందుకే మార్చి తర్వాత వచ్చే బండి ఆసామిని ముందు అడిగేది "వరదలో ఏమన్నా తోలారా?" అనే.

మాస్టారి బండికి తోకతో సహా పాత కప్లర్ ఒకటి ఆటోనగర్ నుంచి తెప్పించి అతికాను. వైర్లు మెలేసి టేపు చుట్టి వదిలెయ్యను. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు ఎక్కిస్తాను. టేపు జిగురు మా ఎండకు ఒక్క వేసవిలో కారిపోతుంది. తర్వాత తాళం తిప్పితే స్కానర్‌లో నలభై మూడు. డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఇంకా మైనస్ 5, పక్కన పువ్వు. మాస్టారు నా వంక చూశారు. కొన్ని బండ్లలో ఏసీ కంప్యూటర్ కూడా ఆ నెమ్మది అంకెనే నమ్ముతుంది, ఇదీ ఆ రకమే. "ఒకసారి నందిగామ రోడ్డున పోయొద్దాం రండి" అన్నాను. ముందు సున్నా దాటింది, పువ్వు ఆరిపోయింది, ఇంకాస్త దూరం పోయాక బానెట్లోంచి టక్కుమని కంప్రెసర్ పట్టుకున్న చప్పుడు. ఊరొచ్చేదాకా మాస్టారు గాలి వచ్చే జాలీ మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

సెన్సర్ నిజంగా చెడిపోవడమూ ఉంది, కానీ తక్కువ. అనుమానమైతే ఐసు నీళ్లు, గోరువెచ్చని నీళ్లు, రెండింటిలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ముంచి, పట్టికతో సరిచూస్తాను. ఇంకా సులువైన దారొకటి ఉంది, అది పొద్దున్నే చెయ్యాలి. రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన బండిని తెల్లవారుజామున, స్టార్టు చెయ్యకుండా, తాళం మాత్రం తిప్పి స్కానర్ పెట్టాలి. ఇంజను కూలెంట్ వేడి, ఇంజనులోకి పోయే గాలి వేడి, బయటి వేడి, మూడూ ఆ వేళ ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఒకే అంకె చెప్పాలి. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు ఒకమాట మీదుండి ఒకడు వేరే చెబితే ఎవర్ని పట్టుకోవాలో తెలిసిపోతుంది. ఇందుకోసం అవసరమైన బండిని రాత్రికి షెడ్డు బయట వదిలి వెళ్లమంటాను. కొందరికి అనుమానం, బండిలో సామాను మారుస్తానేమోనని. అలాంటివాళ్ల బండిని పొద్దున్నే వాళ్లింటికే వెళ్లి చూస్తాను.

బంపర్ మార్పించిన బండ్లయితే వేరే కథ. రోడ్డు మీద గేదె అడ్డం వస్తే బంపర్ పోతుంది, బాడీ పనివాళ్లు కొత్తది వేస్తారు. సెన్సర్ పెట్టాల్సిన క్లిప్పు కొత్త బంపర్‌తో రాదు. వాళ్లు దాన్ని వైరుకే వదిలేస్తారు, అది వేలాడుతూ పోయి కండెన్సర్‌కి ఆనుకుంటుంది. ఏసీ వేసినప్పుడల్లా అంకె యాభై దాటుతుంది, ఆపితే దిగుతుంది. ఏసీతో పాటు ఎక్కి దిగే అంకె కనిపిస్తే మీటరు తియ్యకుండానే బంపర్ కింద చూడొచ్చు. పత్తి గోడౌన్ల పక్కన పెట్టే బండ్లకు ఎలకలు. బానెట్లో పొగాకు కాడలు వేస్తే రావంటారు, కాడల పక్కనే కొరికిన వైర్లూ చూశాను కాబట్టి ఆ వైద్యం నేనెవరికీ చెప్పను.

ఒక అడ్డదారి వైద్యం కూడా నడుస్తోంది. సెన్సర్ తీసేసి ఆ చోట పది వేల ఓముల రెసిస్టర్ అతికేస్తారు. బండి చచ్చేదాకా బయట 25 డిగ్రీలే. మంచు గుర్తు రాదు, కంప్రెసర్ తిరుగుతుంది, రూపాయితో పనైపోతుంది. రెసిస్టర్లు నా జేబులోనూ ఉంటాయి, పరీక్షకు. పది వేలది పెడితే 25 చూపిస్తే కంప్యూటర్ సరిగ్గా చదువుతున్నట్టు. కానీ అదే పెట్టి పంపడం నాకు నచ్చదు. ఆటోమేటిక్ ఏసీ బయటి వేడిని బట్టే ఎంత చల్లగాలి, ఎంత జోరు అన్నది లెక్కేసుకుంటుంది. నలభై నాలుగు ఎండలో పాతిక అని చెబితే అది తీరుబడిగా పనిచేస్తుంది. వెనక సీట్లో వాళ్లకు చెమట పడుతుంది. మళ్లీ ఎవరో గ్యాస్ ఎక్కిస్తారు.

డబ్బు దగ్గరే కొంచెం ఇబ్బంది. సెన్సర్ ఖరీదు వందల్లో ఉంటుంది, కప్లర్ తోక అంతకన్నా తక్కువ. పనేమో బంపర్ విప్పడం, వెతకడం, బిగించడం. "ఈ చిన్న ముక్కకు ఇంతా?" అంటారు. అందుకని విప్పిన ముక్కను పారెయ్యను, చిలుంతో సహా చేతిలో పెడతాను. బిల్లు మీద మూడు అంకెలు రాస్తాను: వేపచెట్టు నీడలో నా థర్మామీటర్ చూపించింది, స్కానర్ చూపించింది, డ్యాష్‌బోర్డు చూపించింది. తర్వాత ఎప్పుడన్నా గొడవ వస్తే ఆ కాగితం పట్టుకు రమ్మంటాను. మాస్టారి బండి ఏటా మార్చిలో ఏసీ సర్వీసుకు వస్తుంది. అప్పుడు ఆ కప్లర్ విప్పి, తుడిచి, గ్రీజు పూసి మళ్లీ బిగిస్తాను. దానికి వేరే తీసుకోను. కండెన్సర్ కడగడానికి ఎలాగూ ఆ బంపర్ కింద పడుకోవాల్సిందే.